గింజ దారి తప్పితే...

ఎక్స్‌రేకు దొరకని వేరుశనగను అమ్మ మాట పట్టిస్తుంది

ముంగారు వానలకు ముందు అనంతపురం పల్లెల్లో ఏ వసారాలో చూసినా బుడ్డలు వలిచే ఆడవాళ్లే. చాటల్లో కదిరి-6 రకం వేరుశనగ విత్తనాలు, పక్కన పొట్టు కుప్పలు, మధ్యలో పాకుతూ పిల్లలు. ఓ గింజ చిన్న చేతికి చిక్కుతుంది, నోట్లోకి పోతుంది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. కాసేపటికి దగ్గు తగ్గుతుంది. ‘పొలమారిందిలే, ఎవరో తలుచుకున్నారు’ అని పెద్దవాళ్లు మళ్లీ పనిలో పడతారు. గొంతు సర్జన్లకు భయం వేసేది బిడ్డ దగ్గినప్పుడు కాదు, ఆ దగ్గు ఆగిపోయినప్పుడు.

మాట కన్నా ముందు కాపలా

స్వరపేటిక అనగానే పాట గుర్తొస్తుంది గానీ, దాని అసలు పని కాపలా. ముద్ద మింగే క్షణంలో అది పైకి లేస్తుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది. స్వరం, శ్వాస, మింగడం ఈ ఒక్క చోటే కలుస్తాయి కాబట్టే ఇక్కడి ఇబ్బందులు మూడింటినీ లారింగాలజిస్టు, అంటే గొంతు సర్జను, చూస్తారు. రెండేళ్ల బిడ్డకు దవడ పళ్లు పూర్తిగా రావు. నలగని గింజ నోట్లో ఉండగా నవ్వినా ఏడ్చినా అది గాలితోపాటు లోపలికి జారుతుంది.

లోపల తేమకు గింజ ఉబ్బుతుంది. దాని నూనెకు చుట్టూ పొర వాచిపోతుంది. పీల్చిన గాలి సందు చేసుకుని లోపలికి పోతుంది, బయటికి మాత్రం రాలేదు. గింజ ఎక్స్‌రేలో కనిపించదు. మొదట్లో ఫిల్మ్ మామూలుగానే ఉండొచ్చు. తర్వాత జ్వరం, పిల్లికూతలు మొదలైతే ఆస్తమా అనో నిమోనియా అనో మందులు వాడుతూ వారాలు గడిచిపోతాయి.

పట్టకారు పట్టు

1897లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిల్లియన్ ఒక రైతు ఊపిరిగొట్టంలోంచి ఎముక ముక్కను గొట్టం సాయంతో తీశాడు. ఆ విద్యకు పదును పెట్టింది అమెరికా సర్జన్ షెవాలియర్ జాక్సన్. జనం మింగినవీ పీల్చినవీ బయటికి తీసి ఆయన దాచిన 2,374 వస్తువులు ఫిలడెల్ఫియా మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. వేరుశనగ తెచ్చే వాపుకు విడిగా పేరు పెట్టిందీ ఆయనే.

ఇప్పటికీ పని అదే. పూర్తి మత్తులో ఉన్న బిడ్డ నోటి గుండా బ్రాంకోస్కోపు దింపుతారు. ఆక్సిజన్ పోయేదీ, పట్టకారు పోయేదీ ఆ గొట్టంలోంచే. గట్టిగా నొక్కితే నానిన గింజ చిదిగి ముక్కలు ఇంకా లోతుకు పోతాయి. వదులుగా పడితే స్వరతంత్రుల దగ్గర జారిపోతుంది. గింజ గొట్టంలో పట్టకపోతే గొట్టం, పట్టకారు, గింజ మూడింటినీ కలిపే బయటికి లాగాలి. ఆపైన మళ్లీ దిగి, రెండో ముక్క లేదని చూసుకోవాలి.

ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఖర్చు భారం కొంత తగ్గినా, పసిపిల్లలకు సరిపడే పరికరం, మత్తు డాక్టరు ప్రతి పట్టణంలో ఉండరు. బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైమాటే. అందుకే ‘వేరుశనగ తింటూ ఒక్కసారిగా దగ్గాడు’ అన్న ముక్క, డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి?

• గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నోట్లో గుడ్డిగా వేలు పెట్టొద్దు.
• దగ్గలేక, ఏడవలేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య 5 దెబ్బలు, తిప్పి ఛాతీపై 5 నొక్కులు. ఏడాది దాటితే వీపున 5 దెబ్బలు, బొడ్డు పైభాగాన లోపలికి, పైకి 5 నొక్కులు.
• దగ్గు ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
• ఐదేళ్లలోపు పిల్లలకు గింజలు వద్దు. వేరుశనగ మాన్పించక్కర్లేదు, మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలిపి పెట్టండి.