కొవిడ్, టీకా: గోదావరి జిల్లాల అనుభవాలు, వాదాలు

ఆంధ్రప్రదేశ్‌లో కొవిడ్ కేసులు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైనది ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోనే. 2021 జూన్ చివర్లో మిగతా జిల్లాల్లో సాయంత్రం 6 గంటల దాకా కర్ఫ్యూ సడలించినా, ఇక్కడ మాత్రం మధ్యాహ్నం 2 గంటల వరకే వదిలారు. అయినా జబ్బు అందరినీ ఒకేలా పట్టలేదు. ఒకే ఇంట్లో కుర్రవాడికి రెండు రోజుల జ్వరంతో తగ్గిపోతే, షుగరున్న తండ్రికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చేది. వయసు, మధుమేహం, రక్తపోటు, వైరస్ రకం ఈ తేడాకు ముఖ్య కారణాలు. ‘ఉత్త జలుబే’ అన్నవారూ, మనిషిని పోగొట్టుకున్నవారూ తాము చూసినదాన్ని బట్టే మాట్లాడారు.

పరీక్షల దగ్గరా పేచీలు వచ్చాయి. స్వాబ్ సరిగా తీయకపోయినా, మరీ ముందుగానో ఆలస్యంగానో తీసినా ఆర్‌టీపీసీఆర్‌లో నెగెటివ్ రావచ్చు; సీటీ స్కాన్‌లో మాత్రం ఊపిరితిత్తుల జబ్బు కనిపించేది. మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం ప్రకటించాక ఈ తేడా మరింత ముఖ్యమైంది. పరీక్షలో గానీ, వైద్యుల నిర్ధారణలో గానీ కొవిడ్ అని తేలిన 30 రోజుల్లోపు జరిగిన మరణాలను కొవిడ్ మరణాలుగా లెక్కించాలని 2021 సెప్టెంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ప్రమాదాలు, ఆత్మహత్యల విషయంలో వేరే నిబంధనలు వర్తించాయి.

టీకాల కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇవ్వడం అనుమానాలకు తావిచ్చింది. ఆ టీకా సామర్థ్యం 77.8 శాతమని తర్వాత తేలింది. మరో టీకా కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు; మేలో అది 12 నుంచి 16 వారాలైంది. ఎడం పెరిగితే రక్షణ మెరుగవుతుందని బ్రిటన్ సమాచారం చెప్పినా, అప్పుడే టీకాల కొరత ఉండడంతో జనం దాన్ని సాకుగానే చూశారు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి చిక్కు వేరు. కొవాగ్జిన్‌ను అక్కడ చాలా దేశాలు మొదట్లో గుర్తించలేదు; ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబరు 3న గానీ రాలేదు.

సూది వేయించుకున్నాక జ్వరం, ఒళ్లునొప్పులు రావడం రోగనిరోధక వ్యవస్థ స్పందనే. రక్షణ కుదరడానికి వారాలు పడుతుంది గనుక, ఆలోగా సోకిన కొవిడ్‌ను టీకాయే తెచ్చిందని కొందరు భ్రమపడ్డారు. అలాగని దుష్ప్రభావాలు లేవనడమూ సరికాదు: కొవిషీల్డ్ తరహా టీకాతో బహు అరుదుగా రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయే ప్రమాదం ఉందని రుజువైంది. టీకా తర్వాత కూడా కొవిడ్ సోకవచ్చు. ఆసుపత్రి పాలవడం, మరణం మాత్రం బాగా తగ్గాయి.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే వ్యక్తి కొవిడ్‌కు ఇస్తున్న మూలికా మందు కోసం జనం పోటెత్తారు. కంటి చుక్కలకు అనుమతి ఇవ్వకపోయినా, ఆయన ఇచ్చే మందుల్లో కొన్నింటికి మే 31న ప్రభుత్వం అనుమతిచ్చింది. హాని లేదనడం వేరు, కొవిడ్‌ను నయం చేస్తుందనడం వేరు. రెండోదానికి ఆధారం దొరకలేదు.

టీకా తప్పనిసరా అన్న ప్రశ్నకు 2022 మే 2న సుప్రీంకోర్టు జవాబిచ్చింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, ప్రజారోగ్యం కోసం పెట్టే ఆంక్షలు మాత్రం ముప్పుకు తగ్గట్టు ఉండాలని చెప్పింది. దుష్ప్రభావాల సమాచారాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ ఆదేశించింది.