ముల్లున్న పులస, ముల్లు లేని సొర

పులస తినాలంటే ఓపిక కావాలి. వెన్నుముల్లు తీసేసినంత మాత్రాన పని తీరదు, కండ లోపల సన్నటి ముళ్లు ఎన్నో దాగి ఉంటాయి. గోదావరి జిల్లాల్లో ఈ పులుసును సన్నటి సెగ మీద చాలాసేపు మరగనిచ్చి, మర్నాడు తింటేనే రుచి అంటారు. సొర సంగతి వేరు. ఉడకబెట్టి, తోలు ఒలిచి, చేత్తో నలిపితే కండంతా పొడిపొడిగా రాలిపోతుంది. మధ్యలో మిగిలిన మెత్తటి వెన్నును పక్కన పెట్టి, ఆ పొడితో పిట్టు చేసి బాలింతకు పెడతారు. రెండింటినీ మనం చేపలనే అంటాం. కానీ వాటి దారులు 40 కోట్ల ఏళ్లకన్నా ముందే విడిపోయాయి.

పులసది ఎముకలతో కట్టిన ఒళ్లు. సొరకు ఒంట్లో ఎముకన్నదే లేదు. మన చెవి డొప్పలో, ముక్కు కొసన తగిలే మృదులాస్థే దాని అస్థిపంజరం. టేకు చేప కూడా సొర వంశమే. సొరలు, టేకులు అన్నీ కలిపినా లోకంలో 1,200 పైచిలుకు జాతులు. ఎముక చేపలు 30 వేలకు పైనే. వెన్నెముక ఉన్న జీవజాతుల్లో దాదాపు సగం ఇవే! కవళ్లు, కానాగడతలు, నెత్తళ్లు, చందువ, పండుగప్ప, చెరువులో పెంచే బొచ్చె, పాములా మెలికలు తిరిగే మలుగు, నిటారుగా ఈదే సముద్రపు గుర్రం, అన్నీ ఈ కుటుంబంలోవే.

చేపల బజారులో వీటి పక్కనే పోసి అమ్మే రొయ్యకూ పీతకూ అసలు వెన్నెముకే లేదు. వాటి బలమంతా ఒంటి మీది పెంకులో ఉంది. పెరగాలంటే ఆ పెంకు విడిచేయాల్సిందే. నక్షత్ర చేప, జెల్లీ చేప పేరుకే చేపలు. డాల్ఫిన్, తిమింగలం పిల్లలకు పాలిస్తాయి, ఊపిరి కోసం నీటిపైకి వస్తాయి. దూరం నుంచి చూసినా తోకను బట్టి పోల్చుకోవచ్చు. చేప తోక పక్కలకు ఊగుతుంది, వీటి తోక పైకీ కిందికీ కొట్టుకుంటుంది.

చేప తాజాదా కాదా అని చూడడానికి మొప్ప మూత ఎత్తి ఎరుపు చూస్తాం కదా, ఆ మూత ఎముక చేపల సొత్తు. నోరు, మూత కలిసి నీటిని లోపలికి లాగి బయటికి తోస్తాయి. అందుకే చేప ఒకచోట కదలకుండా నిలబడి కూడా ఊపిరి తీసుకోగలదు. సొరకు మూత లేదు, మెడ పక్కన వరుసగా చీలికలు కనిపిస్తాయి. చాలావాటికి ఐదేసి, కొన్నిటికి ఆరు, ఏడు. సముద్రపు అడుగున పడుకునే సొరలు నీటిని నోటితో లాక్కుంటాయి గానీ, నడిసముద్రంలో తిరిగే కొన్ని ఈత ఆపితే ఊపిరాడక చనిపోతాయి.

మొప్ప మూత కన్నా నాకు అబ్బురమనిపించేది గాలితిత్తి. ఎముక చేప కడుపులో, వెన్ను కింద ఉంటుంది. రక్తంలోని వాయువులతో దాన్ని నింపుకుంటూ, ఖాళీ చేసుకుంటూ చేప తనకు నచ్చిన లోతులో ఏ శ్రమా లేకుండా నిలబడుతుంది. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేపకు కడుపు నోట్లోంచి బయటికి తోసుకురావడం మత్స్యకారులకు తెలిసిందే. పైన ఒత్తిడి తగ్గి తిత్తి ఉబ్బడమే దానికి కారణం. మన తీరంలో కచిడి చేప లక్షలు పలికిందని అప్పుడప్పుడూ పత్రికల్లో చదువుతుంటాం. ఆ ధరంతా కండకు కాదు, ఈ తిత్తికే. ఎండబెట్టిన తిత్తికి తూర్పు ఆసియా దేశాల్లో గిరాకీ ఎక్కువ. కచిడి బంధువులు కండరాలతో ఇదే తిత్తిని అదిరించి నీటిలో చప్పుళ్లు చేస్తాయి. సొరకు తిత్తి లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయం దాన్ని కొంతవరకు తేలుస్తుంది, మిగతాదానికి ఈదాల్సిందే. ఎముక చేపల్లోనూ వేగంగా వేటాడే వంజరం ఈ తిత్తిని వదులుకుంది. ఒక్కసారిగా పైకీ కిందికీ దూసుకెళ్లేదానికి గాలి నింపుకునే తీరిక ఎక్కడిది?

ఈ తిత్తి, మన ఊపిరితిత్తులు ఒకే మూలం నుంచి వచ్చాయి. డార్విన్ తిత్తే ముందు, ఊపిరితిత్తి తర్వాత అనుకున్నాడు. ఇప్పటి శాస్త్రవేత్తలు అటుదిటుగా చెబుతున్నారు. తొలి ఎముక చేపలకు గాలి పీల్చే సంచులు ఉండేవి, చాలా చేపల్లో అవే తర్వాత గాలితిత్తిగా మారాయి. కండగల రెక్కలున్న మరో శాఖ నుంచి నేల మీదికి నాలుగు కాళ్ల జీవులు వచ్చాయి. ఆ శాఖకు చెందిన సీలకాంత్ ఎప్పుడో అంతరించిందని అనుకుంటుండగా, 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ఒక పడవ వలలో పడింది. ఈస్ట్ లండన్ మ్యూజియంలో పనిచేసే మార్జరీ కోర్టెనీ-లాటిమర్ చేపల కుప్పలో దాన్ని గుర్తుపట్టింది. వంశవృక్షంలో ఆ చేప మన పులసకన్నా మనకే దగ్గరి చుట్టం.

సొర పాతకాలపు జీవి, ఎముక దాకా ఎదగలేదు అన్న మాట పాఠాల్లో చాలాకాలం ఉంది. మంగోలియాలో దొరికిన 41 కోట్ల ఏళ్ల నాటి మింజీనియా అనే, సొరలూ ఎముక చేపలూ విడిపోకముందు కొమ్మకు చెందిన చేప శిలాజంలో ఎముక కనిపించిందని 2020లో వెల్లడైంది. దాన్ని బట్టి సొరల పూర్వీకులకు ఎముక ఉండేదని, తర్వాత వదిలేసుకున్నాయని అనుకోవడానికి ఆధారం దొరికింది. తేలికైన ఒళ్లు ఈతకు లాభమే కదా.

ఉప్పు విషయంలోనూ ఈ రెండూ చెరో దారి పట్టాయి. ఎముక చేప ఒంట్లోని ఉప్పు సముద్రపు నీటిలో మూడో వంతే. దాంతో సముద్రంలో ఒంట్లోని నీరు బయటికి జారిపోతూ ఉంటుంది. చేప ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోంచి బయటికి పంపుతుంది. వరద గోదావరిలోకి ఎదురెక్కిన పులసకు ఈ లెక్కంతా తిరగబడుతుంది. నీరు తాగడం మానేసి, మొప్పలతో ఉప్పును లోపలికి లాక్కుని, పలచటి మూత్రం ఎక్కువగా పోస్తుంది. గుడ్లు పెట్టడానికి చేసే ఈ ప్రయాణానికి 1852లో ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట అడ్డం పడింది.

సొర తన రక్తంలోనే యూరియా నిలవ చేసుకుని సముద్రంతో సమానంగా ఉంటుంది. దానికి నీరు తాగే పనే లేదు. చనిపోయాక ఆ యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. నిలవ సొర ముక్కు బద్దలయ్యేలా వాసన కొట్టేది అందుకే.

ఎముక చేప తన కథను చెవిలో రాసుకుంటుంది. లోపలి చెవిలో సున్నపు రాయి ఉంటుంది, ఏటికేడు దానిమీద పొరలు పడతాయి. వాటిని లెక్కపెట్టి వయసు చెబుతారు. ఆ పొరల్లో స్ట్రాన్షియం ఎక్కువగా ఉంటే అప్పుడు సముద్రంలో ఉందని, తక్కువగా ఉంటే నదిలో ఉందని పులస విషయంలోనూ తెలుసుకోవచ్చు. సొర చెవిలో అలాంటి పెద్ద రాయి దొరకదు, వెన్నుపూసల్లోని వలయాలు చూడాల్సిందే.

మన తీరం ఈ శాస్త్రానికి ఎప్పటినుంచో చిరునామా. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వివరాలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. మత్స్యకారులు పిలిచే పేర్లను ఆయన అలాగే రాసుకున్నాడు. కానాగడత శాస్త్రీయ నామంలో ఇప్పటికీ 'కనగుర్త' ఉన్నది అందువల్లే.

ఈ తేడాల్లో ఈ రోజు అన్నిటికన్నా బరువైనది సంతానం. ఆడ పులస ఒక్కటే లక్షల గుడ్లు వదులుతుంది. మగగా పుట్టి, పెద్దయ్యాక ఆడగా మారే పండుగప్పదీ అదే లెక్క. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆపడం ఇలాంటి చేపలకు నిజంగా ఊరట. సొరలు, టేకులు అలా కాదు. ఎదగడానికే ఏళ్లు పడుతుంది, చాలా జాతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పిల్లలనే కంటాయి. కడుపుతో ఉన్న సొర ఒకటి వలలో పడితే పోయేది ఒక్క ప్రాణం కాదు. ఆ లోటు పూడేందుకు రెండు నెలల విరామం సరిపోదు.

టేకుల దగ్గరి చుట్టమైన రంపపు చేప గతి మరీ దారుణం. ఎర వేటకు పనికొచ్చే ఆ పళ్ల రంపమే వల కన్నుల్లో ముందుగా చిక్కుకుంటుంది, ఒకసారి చిక్కితే విడిపించుకోలేదు. తిమింగలం సొరనూ, రంపపు చేపలనూ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే చట్టం వాటికీ ఇచ్చింది. పొరపాటున వలలో పడితే, వల కోసైనా సరే, బతికుండగానే సముద్రంలోకి వదిలేయాలి.