ఇంటిల్లిపాదికి ఒక ఆట

1918లో నెలకొన్న సారస్వత నికేతన గ్రంథాలయము వలన వేటపాలెము చదువరుల యూరుగా పేరొందినది. అది నేతగాండ్ర యూరు కూడ. మగ్గము నిలిచిన సాయంవేళ నాయనమ్మ, ఆరేండ్ల మనుమడు, తక్కిన యింటివారు ఒకేచోట కూర్చుండి ఆడుటకు ఏ యాట తగును?

పులిజూదము గొప్పదే. మూడు పులులు, పదునైదు మేకలు, బుద్ధికి పదును. కాని ఆడెడివారిద్దరే, మిగిలినవారు చూపరులు. పైగా పసివానికి గెలుపు కల్ల. వైకుంఠపాళిలో అందరును సమానులే. అయినను పందెము చెప్పినట్లు కాయ జరుపుట తప్ప ఆలోచనకు తావు లేదు. పెద్దలు త్వరలోనే ఆవులింతురు.

అష్టాచెమ్మ ఈ రెంటికిని నడుమ నిలుచును. ఐదు వరుసలు, వరుసకు ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వలు లేకున్న బద్దలుగా చీల్చిన చింతగింజలు చాలును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. పందెము పడుట అదృష్టము. ఏ కాయను నడుపవలెను, ఇంటూ గుర్తు గల గడిలో ఎంతసేపు దాగవలెను అన్నది తెలివి. ఒక్క కాయనైన చంపనిదే లోపలి గళ్ళలోనికి పోరాదను నియమము పెక్కు ఇండ్లలో కలదు. కనుక ఎంత మెత్తని నాయనమ్మకైనను కాయను కొట్టక తప్పదు. పిల్లవాడు ఏడ్చిన ఏడ్వనిండు. పెద్దలు కావలెనని ఓడుట నాకు నచ్చదు. అష్ట పడెనా, వాడే పగ తీర్చుకొనును!

నలుగురికి మించి యున్నచో ఇద్దరిద్దరు జోడుగా ఆడవచ్చును. కాయను చంపినవారికి మరొక పందెము కలదా, లేదా అన్నది మాత్రము గవ్వలు చేతబట్టుటకు ముందే తేల్చుకొనుడు.