లివర్ జబ్బులో కాళ్ల బలం కూడా చూడాలి

సంఘం తరఫున రోగులను పరామర్శించడానికి వెళ్లినప్పుడు చాలా ఇళ్లలో మాకు ఒకటే కనిపిస్తోంది. లివర్ జబ్బు అనగానే మనిషిని మంచానికి అప్పగించి చప్పిడి పత్యం మొదలుపెడతారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, గంజి చాలు. ఇది కామెర్లకు మన పెద్దలు పెట్టిన పత్యం. సిర్రోసిస్‌కు, అంటే ఏళ్ల తరబడి మచ్చలు పడి లివర్ గట్టిపడే జబ్బుకు కూడా దీన్నే పెడితే మనిషి ఇంకా చిక్కిపోతాడు.

బాగున్న లివర్ తిన్నదానిలో కొంత చక్కెరను దాచుకుని రాత్రంతా ఒంటికి అందిస్తుంది. గట్టిపడిన లివర్‌లో ఆ నిల్వ తక్కువ. ఒక్క రాత్రి ఖాళీ కడుపు, మామూలు మనిషికి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. అప్పుడు ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. పైగా రక్తంలోని అమ్మోనియాను లివర్ తీయలేనప్పుడు కొంత పని కండరాలే చేస్తాయి. కండ పోతే ఆ ఆసరా కూడా పోయి, తికమక, మగత వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కడుపులో నీరు చేరినవారికి తూకంలో బరువు తగ్గినట్టు కనబడదు. భుజాలు, తొడలు చూస్తేనే తెలుస్తుంది.

లివర్ మార్పిడికి ఎదురుచూసేవారిని ఆరు నిమిషాలు నడిపించి చూసిన అమెరికా డాక్టర్లకు, 250 మీటర్లు కూడా నడవలేనివారిలో మరణాలు ఎక్కువని తేలింది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు మూడు చిన్న పరీక్షలతో ఒక లెక్క తయారుచేశారు. చేతి పట్టు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం, తూలకుండా నిలబడటం, అంతే. మార్పిడి వరుసకు చూసే మెల్డ్ స్కోరు బిలిరుబిన్, క్రియాటినిన్ వంటి రక్తపరీక్షల మీద నడుస్తుంది, అందులో ఈ బలం కనబడదు. గుమాస్తాగిరీ చేసిన మాకు తెలుసు, ఫారంలో గడి లేనిదాన్ని ఎవరూ అడగరు. కాబట్టి మీరే చెప్పండి: "పోయిన నెల గుడిదాకా నడిచారు, ఇప్పుడు వీధి మలుపులోనే కూర్చుంటున్నారు" అని.

వ్యాయామంతో ఆయుష్షు ఇన్నేళ్లు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కండ, నడిచే దూరం మెరుగుపడటం మాత్రం పరీక్షల్లో కనిపించింది. అయితే డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టవద్దు. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటే, ఈమధ్య రక్తం వాంతి అయి ఉంటే, తికమక ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి. బరువులు ఎత్తే ఉత్సాహం అసలే వద్దు.

తిండి విషయానికొస్తే, యూరప్ లివర్ వైద్యుల సంఘం 2018లో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంది. నీరు కలవని అసలు బరువు 60 కిలోలైతే 72 నుంచి 90 గ్రాములు. గంజితో అది రాదు. పాలు, పెరుగు, కందిపప్పు, గుడ్లు, ఉప్పులేని పల్లీలు కావాలి. కడుపులో నీరుంటే ఉప్పు తగ్గించమన్న మాట మాత్రం పాటించాల్సిందే. పడుకునే ముందు పాలతో ఒక రొట్టె తప్పనిసరి. పండరిపురం పక్కనే ఉన్నవాళ్లం, తొలి ఏకాదశి ఉపవాసం మానమంటే పెద్దవాళ్లకు కష్టమే. ఇంట్లో మిగతావాళ్లు ఉండండి, రోగి చేత మాత్రం ఉండనివ్వకండి.

డాక్టరు రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం అర్థం కాకపోతే సాయంత్రం సంఘం ఆఫీసుకు తీసుకురండి, చదివి చెబుతాం.