క్యూబా ఆటగాండ్రు – అమెరికా జట్లు



2022వ సంవత్సరపు వేసవిలో నేను అమెరికాలోని హ్యూస్టన్ నగరమున మా అమ్మాయి యింట రెండు మాసములుంటిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రమించిన నాకు ఆ యూర చేయదగిన పని యేమియు లేకపోయెను. ఒక సాయంకాలమున మా అల్లుడు నన్ను బేస్‌బాలను ఆట చూపుటకు తీసికొనిపోయెను. ఆట నాకు సగము తెలిసినది, సగము తెలియలేదు. ఆజానుబాహువగు ఒక యువకుడు కఱ్ఱ చేతబట్టి వచ్చినంతనే వేలకొలది జనము లేచి నిలిచిరి. అతనిపేరు యోర్డాన్ అల్వారెజ్ అనియు, అతడు క్యూబా దేశస్థుడనియు మా మనుమడు నాకు చెప్పెను. చెప్పి, మఱియొక మాట కూడ అనెను: "తాతయ్యా, ఈయన ఇక్కడ ఆడుతుంటే వాళ్ళ అమ్మా నాన్నా ఒక్కసారి కూడా చూడలేదట. వాళ్ళు క్యూబాలోనే ఉండిపోయారు."

ఆ మాట నన్ను విడువలేదు. నేను ఎనిమిదివేల మైళ్లకు పైగా దాటివచ్చి మనుమని ప్రక్కన కూర్చుండియుంటిని. క్యూబా దీవియో, అమెరికా దక్షిణపు కొననుండి 90 మైళ్ల దూరముననే యున్నది. అయినను ఆ తండ్రి తన కొడుకు ఆట చూడ రాలేకపోయెను. దీనికి కారణమేమి? అది తెలిసికొనవలెనని చదివి సేకరించిన సంగతులనే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. బేస్‌బాల్ మన బిళ్ళంగోడువలె కఱ్ఱతో కొట్టి పరుగెత్తు ఆటయే. క్రికెట్టు చూచినవారికి దీనిని గ్రహించుట కష్టము కాదు. మైదానమున చతురస్రముగ నాలుగు మూలల నాలుగు స్థానములుండును. ఒకదానికి మఱియొకదానికి నడుమ దూరము 90 అడుగులు. బంతి విసరువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి విసరును. కఱ్ఱ పట్టినవాడు దానిని కొట్టి, మూడు స్థానములను చుట్టి, బయలుదేరిన చోటికే మరలివచ్చినచో ఒక పరుగు లెక్కకు వచ్చును. ఆ బయలుదేరిన చోటును ఆ దేశస్థులు 'ఇల్లు' అని వ్యవహరింతురు. ఇల్లు విడిచి, ఊరు చుట్టి, ఇల్లు చేరుట – ఆట యంతయు ఇంతియే.

క్యూబాలో ఈ యాట నిన్న మొన్న పుట్టినది కాదు. 1860 ప్రాంతములయందు అమెరికాలో చదువుకొని మరలివచ్చిన క్యూబా విద్యార్థులు దీనిని తమవెంట తెచ్చిరి. అప్పుడు ఆ దీవి స్పెయిన్ దేశపు ఏలుబడిలో నుండెను. ఏలికలకు వృషభయుద్ధములపై మక్కువ. ప్రజలకు ఈ క్రొత్త యాటపై మక్కువ. అందువలన బేస్‌బాల్ స్వాతంత్ర్యాభిలాషకు ఒక గుర్తుగా కూడ నయ్యెను. 1871లోనే ఎస్తెబాన్ బెయాన్ అను క్యూబా యువకుడు అమెరికాలో జీతమునకు ఆడు జట్టున చేరెను. 1878లో క్యూబాలోనే జట్ల పోటీలు ఏర్పడెను. తరువాత ఎనుబదియేండ్లు ఆటగాండ్రు వేసవిని అమెరికాలోను, శీతకాలమును హవానాలోను ఆడుచు స్వేచ్ఛగ రాకపోకలు సలిపిరి. అయితే పెద్ద జట్లలో ఆడు స్వేచ్ఛ తెల్లనివారికే. నల్లనివారిని అమెరికా పెద్ద జట్లు 1947వఱకు చేర్చుకొనలేదు. ఆ యేట జాకీ రాబిన్సన్ అను నల్లజాతి అమెరికా వీరుడు ఆ గోడను పగులగొట్టగా, 1949లో మిన్యోసో అను నల్లజాతి క్యూబా వీరుడు ఆ దారిని ప్రవేశించెను.

1959లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున క్యూబాలో విప్లవము జయించెను. 1961లో ఆ ప్రభుత్వము ధనమునకై ఆడు క్రీడలను రద్దుచేసెను. మనుష్యుని బాహుబలము అంగడి సరకు కారాదని వారి వాదము. మఱుసటి యేటనుండి దేశీయ పోటీలు ప్రభుత్వ పోషణలోనే జరిగెను. ఆ 1962లోనే అమెరికా క్యూబాతో వ్యాపారము సర్వము నిషేధించెను. ఇట్లు ఒకడు లోపలినుండి గడియ వేయగా, మఱియొకడు బయటినుండి తాళము బిగించెను. ఆటగాడు ఆ యింట మిగిలిపోయెను.

ఆ పోషణ వలన కలిగిన మేలును కూడ చెప్పుట న్యాయము. పల్లెలలోని బాలురను చిన్ననాడే గుర్తించి, ప్రత్యేక పాఠశాలలలో చేర్చి, వెల లేకయే శిక్షణమిచ్చిరి. ఒలింపిక్ పోటీలలో 1992, 1996, 2004 సంవత్సరములయందు ఆ చిన్న దీవికే బంగారు పతకము దక్కెను. ఓమార్ లినారెస్ అను మేటి యాటగాడు అమెరికా జట్ల ఆశలకు లొంగక స్వదేశముననే యుండి కీర్తి గడించెను. కాని 1991లో సోవియట్ రాజ్యము కూలిపోగా దానిపై నాధారపడియున్న క్యూబాకు తిండికిని, నూనెకును కటకట యేర్పడెను. ఆటగానికి కీర్తియుండెను, కుండలో గింజలు లేవు.

ఆ 1991 జులై మాసముననే రెనే అరోచా అను బంతి విసరువాడు జట్టుతో ప్రయాణము చేయుచు మయామీ విమానాశ్రయమున తోడివారిని విడిచి వెలుపలికి నడచిపోయెను. క్యూబా జాతీయ జట్టునుండి ఇట్లు వెడలినవారిలో అతడే మొదటివాడు. 1993లో అతడు సెయింట్ లూయిస్ జట్టున ఆడెను. అది చూచి మఱికొందరు బయలుదేరిరి. ఒకడు పోటీకి వచ్చిన యూర గోడ దూకెను. మఱియొకడు బసనుండి తప్పించుకొనెను. వేఱొకడు పడవ యెక్కెను.

ఇచ్చట ఒక చిక్కును మీరు గమనింపవలెను. క్యూబానుండి వచ్చినవాడు నేరుగ అమెరికాలో కాపురము పెట్టినచో, అచ్చటి పిల్లలవలెనే వార్షికపు ఎంపిక వరుసలో నిలువవలెను. ఆ వరుసలో ఏ జట్టు పేరు పిలిచిన ఆ జట్టునకే పోవలయును, మఱియొక జట్టుతో బేరమాడుటకు వీలులేదు. అదే యతడు మెక్సికోలోనో, కోస్టారికాలోనో, మఱియొక మూడవ దేశముననో నివాసపత్రము సంపాదించినచో స్వతంత్రుడగును. ఆ కాలమున జట్లన్నియు పోటీపడి అట్టివాని వెల పెంచుచుండెను. అమెరికా ప్రభుత్వము కూడ అతడు క్యూబా నివాసి కాడని ఒప్పుకొనిన తరువాతనే జట్టు అతనికి సొమ్ము చెల్లింప వీలుకలిగెడిది. 90 మైళ్ల దారి యుండగా వేల మైళ్ల చుట్టుదారి త్రొక్కుటకు ఇదియే కారణము.

హెర్నాండెజ్ సోదరుల కథ యీ చిక్కునంతయు తేటపఱచును. వీరు ఒక తండ్రికి వేర్వేరు తల్లులయందు పుట్టిన బిడ్డలు. చిన్నవాడు లీవాన్ 1995లో మెక్సికోలో జట్టును విడిచి, ఫ్లారిడా జట్టుతో 45 లక్షల డాలర్లకు ఒడంబడిక చేసికొనెను. 1997లో ఆ జట్టు అమెరికా మహాపోటీలో గెలువగా లీవానే అందఱిలో మిన్నయని బహుమానమందెను. పెద్దవాడు ఓర్లాండో క్యూబాలో అంతకంటె పేరుమోసినవాడు. తమ్ముడు పోయిన తరువాత ప్రభుత్వము అతనిని అనుమానించి, 1996లో ఆటనుండి వెలివేసెను. జాతీయ వీరుడు హవానాలోని ఒక మానసిక చికిత్సాలయమున కొలువు చేసికొని బ్రతుకవలసి వచ్చెను. 1997 డిసెంబరు 26వ తేదీన అతడు పడవయెక్కి, బహామా దీవులలో నిర్జనమగు ఒక దిబ్బకు చేరెను. అమెరికా ప్రభుత్వము రమ్మని అనుమతి నిచ్చినను, ఇంతకుముందు చెప్పిన కారణముచేత అతడు కోస్టారికాకే పోయెను. 1998 మార్చిలో న్యూయార్కు యాంకీల జట్టు అతనికి నాలుగేండ్లకు 66 లక్షల డాలర్లిచ్చెను. ఆ యేటనే ఆ జట్టు మహాపోటీ గెలిచెను. అతని తల్లియు కుమార్తెలును మాత్రము క్యూబాలోనే యుండిరి. క్రైస్తవ మతాధికారి యొకడు కల్పించుకొని వేడుకొనగా కాస్ట్రో ప్రభుత్వము వారిని పోనిచ్చెను. విజయోత్సవపు ఊరేగింపు నాటికి వారు న్యూయార్కు చేరిరి.

తరువాత వెలలు ఆకాశమునంటెను. 2010లో అరోల్డిస్ చాప్మన్ అను వేగవంతుడు సిన్సినాటి జట్టునుండి 3 కోట్ల 2 లక్షల 50 వేల డాలర్లకు ఒడంబడిక పొందెను. 2012లో యాసియెల్ పుయిగ్ లాస్ ఏంజెలిస్ జట్టున 4 కోట్ల 20 లక్షలకును, 2013లో హోసే అబ్రేయు చికాగో జట్టున 6 కోట్ల 80 లక్షలకును కుదురుకొనిరి. బెల్లమున్న చోట ఈగలు ముసరకుండునా? దొంగరవాణాదారులు పుట్టుకొనివచ్చిరి. ఆటగాని పడవలో దాటించి, అతని రాబడిలో పాలు వ్రాయించుకొనుట వారికి వ్యాపారమయ్యెను. పుయిగ్‌ను మెక్సికో తీరపు దీవిలో సొమ్ము ముట్టువఱకు నిలిపియుంచిరని అమెరికా పత్రికలు వ్రాసెను. అబ్రేయు 2017లో మయామీ న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుచు, తాను దొంగ పత్రముతో విమానమెక్కి, దారిలో ఆ పత్రపు పుట చింపి, నమిలి మ్రింగితినని చెప్పెను. కోట్లు పలికిన ఆ వీరుడు కాగితము తినవలసివచ్చెను! ఈ రవాణా నడిపిన యిద్దరికి న్యాయస్థానము శిక్ష విధించెను.

ఇందఱిలో నా మనస్సునందు నాటుకొనిన వాడు హోసే ఫెర్నాండెజ్. బాలుడుగా నుండగానే మూడుమాఱులు దాటజూచి దొరికిపోయి, చెఱసాల కూడ చూచెను. 2008లో, పదునైదేండ్ల వయస్సున, నాలుగవమాఱు పడవయెక్కెను. రాత్రివేళ పెనుకెరటము కొట్టగా ఎవరో నీటిలో పడిరి. ఎవరని చూడక బాలుడు సముద్రములోనికి దూకి ఈదెను. చేతికి చిక్కిన తరువాత చూడగా ఆమె తన కన్నతల్లియే. ఆమెను పడవకు చేర్చి బ్రదికించెను. ఇతడు కోట్ల వెల కొఱకు మూడవ దేశమునకు పోలేదు. ఫ్లారిడాలో బడిలో చేరి చదువుకొని, 2011లో ఎంపిక వరుసలోనే జట్టున ప్రవేశించెను. 2013లో క్రొత్త యాటగాండ్రలో ఉత్తముడనిపించుకొనెను. ఆ యేటనే క్యూబానుండి వచ్చిన అవ్వను కన్నులార చూచెను. 2016 సెప్టెంబరు 25వ తేదీ తెల్లవాఱుజామున మయామీ తీరమున జరిగిన పడవ ప్రమాదమున, ఇరువదినాలుగేండ్ల వయస్సున, అతడు మరణించెను.

ఈ యగచాట్లు మాన్పుటకు ప్రయత్నము జరుగకపోలేదు. 2013లో క్యూబా ప్రభుత్వము, పన్ను చెల్లించు నియమముపై, తన యాటగాండ్రను విదేశములయందు ఆడనిచ్చెను; కొందఱు జపానున ఆడిరి. అమెరికాకు మాత్రము దారి తెఱువలేదు. 2016లో అమెరికా అధ్యక్షుడు ఒబామా హవానాకు పోయి, రౌల్ కాస్ట్రో ప్రక్కన కూర్చుండి ఇరుదేశముల జట్ల ఆట చూచెను. 2018 డిసెంబరులో అమెరికా జట్ల సంఘమును, క్యూబా క్రీడాసమాఖ్యయు ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము జట్టు ఆటగానికి జీతమిచ్చి, శిక్షణమిచ్చిన సమాఖ్యకు వేఱుగా రుసుము చెల్లింపవలెను; ఆటగాడు విమానములో వచ్చి, పని ముగిసిన తరువాత ఇంటికి పోవచ్చును. సమాఖ్య 34 మంది పేర్లు ప్రకటించెను. కాని 2019 ఏప్రిలు 8వ తేదీన అమెరికా ప్రభుత్వము, సమాఖ్యయన్నను క్యూబా ప్రభుత్వమన్నను ఒకటేయని, దానికి సొమ్మిచ్చుట చట్టవిరుద్ధమని, ఆ యేర్పాటును కొట్టివేసెను. 2021లో మెక్సికోలో జరిగిన యువకుల పోటీకి పోయిన క్యూబా జట్టున సగమునకు దగ్గఱగా మరలిరాలేదు.

న్యాయమెవరి ప్రక్కనున్నది? ఊరక పెంచి విద్యనేర్పితిమి, మా ఋణము తీర్పక పోవుట ద్రోహమని ప్రభుత్వమనును. ఈ చేయి నాది, నా బిడ్డల యాకలి నాది, నా దారి నేను చూచుకొనుట తప్పా యని ఆటగాడనును. మేము గుణమునకు వెల కట్టితిమి, పడవను మేము పంపలేదని జట్టనును. ముగ్గురి మాటలలోను కొంత సత్యము కలదు. అయితే నేను ఉపాధ్యాయుడను. నాకు తోచిన మాట చెప్పెదను. విద్య నేర్పినవానికి ఋణము కలదు. ఆ ఋణమును సొమ్ముతో తీర్పవచ్చును, కీర్తితో తీర్పవచ్చును. కాళ్లకు గొలుసు వేసి తీర్పించుకొనరాదు. జట్టునకు కూడ పడవతో సంబంధము లేదనుట చెల్లదు. చుట్టుదారిని వచ్చినవానికే హెచ్చువెల యిచ్చు నియమముండగా, ఆ పడవకు చుక్కాని పట్టినవారిలో అదియు నొకటి. ఇక ఇరు ప్రభుత్వముల నడుమ ఆటగాడు అడకత్తెరలోని పోకచెక్క. 2018 ఒడంబడికలో లోపములుండవచ్చును. అయినను అందు గురువునకు దక్షిణయు, శిష్యునకు జీతమును, ఇంటికి తిరిగివచ్చు దారియు ఉండెను. అట్టిదానిని సరిదిద్దవలసినది, చింపివేయవలసినది కాదు.

చివరకు అల్వారెజ్ మాట. నేను మరలివచ్చిన పిమ్మట, ఆ 2022 ఆగస్టు మాసమున, అతని తలిదండ్రులు అనుమతిపత్రములు దొరికి హ్యూస్టన్ చేరిరి. అమెరికా పెద్ద జట్టున కొడుకు ఆడగా మొదటిసారి చూచిరి. మా మనుమడు ఆ సంగతి టెలిఫోనులో చెప్పగా నాకు కన్నులు చెమర్చెను. మన పల్లెలలో కొడుకులను, కూతుండ్రను సముద్రముల కావలికి పంపి, పండుగ పండుగకు దారి చూచువారు ఎందఱో కలరు. మన బిడ్డలు రావలెనన్న సెలవు దొరకవలెను, సొమ్ము కూడవలెను. అంతే కాని రాకూడదను శాసనము లేదు. ఆ భాగ్యము చిన్నది కాదని నాకు ఆ యాట చూచిన తరువాతనే తెలిసినది. ఎంత దూరము కొట్టినను, ఎంత వేగముగ పరుగెత్తినను, ఇల్లు చేరినగాని ఆ యాటలో పరుగు లెక్కకు రాదు.