"స్వేచ్ఛగా" అను ఒక్క పదము

ఒక రాజ్యమునందు అల్పసంఖ్యాకుల స్థితి యెట్లున్నదో తెలిసికొనగోరువారు ఆ రాజ్యాధిపతుల యుపన్యాసములను గాక శాసనములను జదువవలెను. చదివి యూరకుండక, వానియందు ఏ పదము ఎప్పుడు చేరినదో, ఏ పదము ఎప్పుడు జారిపోయినదో పరికింపవలెను. ఉపన్యాసము జనుల చెవికొఱకు, శాసనము న్యాయస్థానముకొఱకు. నోటి ధర్మమునకును చేతి ధర్మమునకును గల యంతరము ఈ రెంటినడుమనే బయల్పడును. న్యాయవాదవృత్తివలన నలవడిన యీ దృష్టితో పాకిస్తాను రాజ్యాంగచరిత్రను జదువుచుండగా "స్వేచ్ఛగా" అను నొక చిన్నపదము కంటబడినది. ఆ పదము వచ్చుట, పోవుట, మరల వచ్చుట అను మూడింటి కథయే అచ్చటి హిందువుల, క్రైస్తవుల, అహమ్మదీయుల కథ.

1947 ఆగస్టు 10వ తేదీన కరాచీలో పాకిస్తాను రాజ్యాంగ నిర్ణయసభ మొదటిసారి సమావేశమైనప్పుడు తాత్కాలికాధ్యక్షపీఠము నధిష్ఠించినవాడు మహమ్మదీయుడు కాడు. వంగదేశమున అస్పృశ్యముగా నెంచబడిన నామశూద్రకులమున జన్మించిన జోగేంద్రనాథ మండల్. మరునాడు ఆ సభలోనే మహమ్మదాలీ జిన్నా ప్రసంగించుచు, పౌరుని మతముతోగాని కులముతోగాని రాజ్యమునకు నిమిత్తము లేదనియు, ఎవరి యారాధనాలయమునకు వారు నిర్భయముగా బోవచ్చుననియు అభయమిచ్చెను. కొత్తజెండాయందు ఆకుపచ్చభాగము ప్రక్కన తెల్లనిపట్టీ నుంచి, అది యల్పసంఖ్యాకులకు గుర్తని చెప్పిరి. మండల్ తొలి న్యాయశాఖామంత్రి యయ్యెను. అహమ్మదీయుడగు సర్ మహమ్మద్ జఫ్రుల్లాఖాను తొలి విదేశాంగమంత్రి యయ్యెను. పంజాబున నిరువైపుల నెత్తురు ప్రవహించుచున్న యా దినములలోనే ఈ మాటలు పలుకబడినవి. కావుననే వాని విలువ మిక్కిలి యెక్కువ.

జిన్నా 1948 సెప్టెంబరులో మరణించెను. ఆఱుమాసములైనను దాటకుండగనే, 1949 మార్చిలో ప్రధాని లియాకతాలీఖాను లక్ష్యప్రకటన తీర్మానమును సభయెదుట నుంచెను. సర్వాధిపత్యము భగవంతునిదనియు, ఇస్లాముమత మాదేశించినరీతిని ప్రజాస్వామ్యము నడుపబడుననియు ఆ తీర్మానము చాటినది. అల్పసంఖ్యాకులు తమ మతముల స్వేచ్ఛగా నవలంబించుటకు తగిన యేర్పాటులు చేయబడుననియు అందే యున్నది. మన కథలోని పదము పుట్టినది ఇచ్చటనే. సభలోని హిందూసభ్యులు ఈ వాగ్దానముతో తృప్తిపడలేదు. భూపేంద్రకుమార దత్తు లేచి, రాజకీయము తర్కమునకు లోబడినదనియు, మతము విశ్వాసమునకు సంబంధించినదనియు, రెంటిని గలిపినచో రెండును జెడుననియు హెచ్చరించెను. జిన్నా జీవించియుండగా ఈ తీర్మానము ఈ రూపమున వచ్చియుండెడిది కాదనియు చెప్పెను. శ్రీశచంద్ర చట్టోపాధ్యాయుడును ప్రతిఘటించెను. వారి సవరణలన్నియు వీగిపోయెను. తీర్మానమును గట్టిగా సమర్థించినవారిలో జఫ్రుల్లాఖాను ఒకడు. ఇస్లాము రాజ్యమున అన్యమతస్థులకు భయము లేదని ఆయన మనసార నమ్మెను. తన శాఖవారే యొకనాడు అన్యమతస్థులుగా లెక్కింపబడుదురని ఆయన యూహింపలేదు.

మొదట కనులు తెరిచినవాడు మండల్. వంగమునందలి నామశూద్రులును మహమ్మదీయ కృషీవలులును ఒక్కదారిద్ర్యమున మ్రగ్గుచున్నవారు గావున వారి క్షేమ మొక్కటేయని నమ్మి, స్వజనుల నిందలకు వెఱవక లీగుపక్షమున జేరినవాడాయన. తూర్పువంగమున తనవారిపై జరిగిన దౌర్జన్యములను జూచి, మొరపెట్టి, ఫలములేక, 1950 అక్టోబరులో కలకత్తా చేరి రాజీనామా లేఖను బంపెను. ఒక రాజ్యపు న్యాయశాఖామంత్రియే తనవారికి అచ్చట న్యాయము దొరకదని పొరుగుదేశమునుండి వ్రాయవలసివచ్చుటకంటె ఆ రాజ్యమునకు వేరు అభియోగపత్ర మేమికావలెను?

తరువాతి వంతు అహమ్మదీయులది. 1953లో వారిపై పంజాబున రేగిన అల్లరులు లాహోరులో సైనికశాసనము విధించుటకు దారితీసెను. విచారణ జరిపిన న్యాయమూర్తులు మునీర్, కయానీలు మతపండితులను రప్పించి, ముస్లిమనగా నెవడని ప్రశ్నించిరి. ఏ యిద్దరి నిర్వచనమును ఒక్కటిగా లేదు. ఒక పండితుని మాటప్రకారము ముస్లిమైనవాడు తక్కినవారి మాటప్రకారము అవిశ్వాసి యగుచున్నాడని 1954 నాటి నివేదికలో న్యాయమూర్తులు వ్రాసిరి. పండితులు తేల్చలేని యీ ప్రశ్నను 1974లో శాసనసభ తేల్చెను. రెండవ రాజ్యాంగసవరణచే అహమ్మదీయులు ముస్లిములు కారని నిర్ణయించెను. ఆనాటి ప్రధాని జుల్ఫికరలీ భుట్టో మతావేశపరుడు కాడు. ఓట్ల లెక్కలు తెలిసినవాడు. దంభమునకు విశ్వాస మక్కరలేదు. విశ్వాసుల కోపమును వాడుకొను నేర్పు చాలును.

1984లో సైనికాధిపతి జియాఉల్‌హక్ మరియొక మెట్టు దిగెను. అహమ్మదీయుడు తన్ను ముస్లిమని చెప్పుకొన్నను, తన ప్రార్థనాలయమును మసీదని పిలిచినను, అజాను పలికినను మూడేండ్ల కారాగారశిక్ష. 1993లో సుప్రీంకోర్టు ఈ శాసనమును సమర్థించుచు, వర్తకుని వ్యాపారచిహ్నము నితరులు వాడరాదను న్యాయమును మతపదములకు అన్వయించెను. దైవనామమును సరకుగుర్తుతో సరిపోల్చుటకంటె మతమునకు జరుగదగిన అవమాన మేమున్నదో మాకు దోచుట లేదు. 1979లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానమందిన అబ్దుస్సలాము అహమ్మదీయుడు. 1996లో ఆయన మరణింపగా రబ్వాలో సమాధిచేసి, ఆ బహుమానమందిన తొలి ముస్లిమని ఫలకముపై చెక్కించిరి. అధికారులు ఆ ఫలకముపై "ముస్లిము" అను పదమును చెరిపివేయించిరి. ఏ విషయమున తొలివాడో చెప్పని యా వాక్యము అట్లే నిలిచియున్నది.

ఇక మన పదమునకు వత్తము. 1985లో జియా తన యుత్తరువుచే పూర్వపు లక్ష్యప్రకటనను రాజ్యాంగమునందు అంతర్భాగముగా జేర్చెను. చేర్చిన ప్రతిలో తక్కిన మాటలన్నియు నున్నవి; అల్పసంఖ్యాకుల మతావలంబనమునకు ముందున్న "స్వేచ్ఛగా" అను పదము మాత్రము లేదు. పొరపాటో, బుద్ధిపూర్వకమో కాని, ఇరువదియైదు సంవత్సరములు ఆ లోపమును సవరించిన ప్రభుత్వము లేదు. పదము పోయిన మరుసటియేడే, 1986లో, శిక్షాస్మృతియందు 295-సి ప్రకరణము చేరినది.

ఈ ప్రకరణమును గూర్చి మన వృత్తివారు శ్రద్ధగా నాలోచింపవలెను. 1860 నాటి శిక్షాస్మృతి భారతదేశమునకును పాకిస్తానునకును ఉమ్మడిసొత్తు. అందు మతాపరాధముల యధ్యాయము అన్నిమతములను సమముగా గాపాడినది. 1927లో చేర్చిన 295-ఏ ప్రకరణమైనను, బుద్ధిపూర్వకమైన దురుద్దేశము రుజువైననే గాని శిక్షింపదు. 295-సి యట్టిది కాదు. ప్రవక్తను నిందించుటయే యందలి నేరము; ఉద్దేశముయొక్క ప్రస్తావనయే లేదు. శిక్ష మరణము, లేక యావజ్జీవము. 1990లో షరియతు న్యాయస్థానము మరణమొక్కటే తగిన శిక్షయని తీర్పుచెప్పెను. సాక్షి తాను విన్న నిందావాక్యమును కోర్టులో పలుకుటకును జంకును. న్యాయాధిపతి దానిని విచారించుటకును జంకును. ఇట్టి శాసనము భక్తునికంటె పొరుగువాని పొలముపై కన్నువేసినవానికి ఎక్కువ యుపకరించును. దీనిక్రింద అభియుక్తులైనవారిలో ముస్లిములును అనేకులు. ఇంతవరకు ఈ ప్రకరణముక్రింద ఉరికంబమెక్కినవాడు ఒక్కడును లేడు; అపవాదుమాత్రముననే వీథిలో జంపబడినవారు పెక్కుమంది.

2009 జూనులో షేఖుపురా ప్రాంతపు ఇట్టన్‌వాలీ గ్రామమున కూలిస్త్రీలు ఫాల్సాపండ్లు కోయుచుండిరి. ఎండ తీవ్రముగా నుండెను. వారిలో ఆసియా బీబీ యను క్రైస్తవస్త్రీ తోడివారికి మంచినీళ్ళు దెచ్చి యందించెను. క్రైస్తవురాలి చేతినీరు త్రాగమని వారు నిరాకరించిరి. మాటకు మాట పెరిగెను. కొన్నిదినములకు ఆమె ప్రవక్తను నిందించినదని ఫిర్యాదు పుట్టెను. పాఠకులారా, ఈ నీటికడవను మనమెఱుగమా? మన పల్లెలలో బావియొద్ద దూరముగా నిలిచి, ఎత్తిపోయు నీటికై దోసిలిపట్టినవారి సంతతి నేడును మనమధ్య నున్నది. పంజాబునందలి క్రైస్తవులలో పెక్కుమంది అట్టి అస్పృశ్యకులములనుండి చేరినవారే. అంటరానితనము తమ మతమున లేదని గర్వించు సమాజమే, వీథులూడ్చు పనికి ముస్లిమేతరులే కావలెనని పత్రికలలో ప్రకటనలు వేయించినది. కులము మతము మార్చుకొన్నది. కడవ మాత్రము మారలేదు.

2010 ఏప్రిలులో పదునెనిమిదవ సవరణచే "స్వేచ్ఛగా" అను పదము రాజ్యాంగమునకు దిరిగివచ్చెను. ఆ సంవత్సరము నవంబరులోనే ఆసియా బీబీకి మరణశిక్ష విధింపబడెను! కాగితముపైకి వచ్చిన పదము కోర్టుగుమ్మము దాటలేకపోయినది. పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్ చెరసాలకు బోయి యామెను జూచి, క్షమాభిక్షకై పూనుకొనెను. 2011 జనవరి 4వ తేదీన ఆయన యంగరక్షకుడే యాయనను గాల్చిచంపెను. మార్చి 2వ తేదీన అల్పసంఖ్యాకశాఖా మంత్రియు క్రైస్తవుడునగు షాబాజ్ భట్టి హతుడయ్యెను. తాసీరును జంపినవానిని కోర్టునకు దెచ్చినప్పుడు వానిపై గులాబిరేకులు చల్లినవారిలో న్యాయవాదులుండిరి. ఈ వాక్యమును వ్రాయుటకు కలము వెనుదీయుచున్నది; కాని దాచుట తగదు. వాడు 2016లో ఉరితీయబడెను. వాని సమాధి నేడు దర్శనస్థలము.

అయితే ఆ నల్లకోటుకు మరియొక చరిత్రయు గలదు. ఇట్టి వ్యాజ్యములోనే యిద్దరు క్రైస్తవులను నిర్దోషులని 1995లో విడిచిన లాహోరు హైకోర్టు న్యాయమూర్తి ఆరిఫ్ ఇక్బాల్ భట్టి 1997లో హత్యగావింపబడెను. అట్టి మరియొక ముద్దాయి పక్షమున వకాల్తా బుచ్చుకొన్న ముల్తాను న్యాయవాది రాషిద్ రహమాన్, న్యాయాధిపతి యెదుటనే బెదిరింపులకు గురియై, 2014 మేలో తన కార్యాలయమున జంపబడెను. వీరిరువురును, తాసీరును ముస్లిములే. 2018 అక్టోబరు 31న ఆసియాను నిర్దోషిగా విడిచిన ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులును ముస్లిములే. సాక్షుల మాటలకు పొత్తులేదనియు, ఫిర్యాదు ఆలస్యముగా వచ్చినదనియు వారు చూపిరి. ముస్లిమేతరుని బాధించినవానిపై తీర్పుదినమున తానే వాదింతునని ప్రవక్త చెప్పినట్లున్న సంప్రదాయమును స్మరించిరి. ఆమె మతమును నిందించి, సత్యాసత్యములను గలిపి ప్రవక్తపేర చెప్పుటయు దైవదూషణకు దక్కువ కాదని వారిలో నొకరు వ్రాసిరి. ఎనిమిదేండ్లు మరణశిక్ష క్రింద నున్న యా స్త్రీ 2019లో దేశము విడిచి కెనడా చేరవలసివచ్చినది. నిర్దోషికి స్వదేశమున నిలువ నీడలేదు.

ఆ 2018లోనే, ప్రవక్త మదీనాలో స్థాపించిన ధర్మరాజ్యమును దలపించు పాలన నెలకొల్పుదునని చాటిన ఇమ్రాన్‌ఖాను ప్రభుత్వము, ఆతిఫ్ మియాను అను నార్థికశాస్త్రజ్ఞుని సలహాసంఘమున నియమించి, అహమ్మదీయుడని కేకలు రేగగనే కొలదిదినములలో దొలగించినది. మదీనాలో ప్రవక్త యూదులతో జేసికొన్న ఒడంబడికను వేదికలపై వర్ణించువారే యిట్లు చేసిరి. మతదంభమనగా నిదియే. మతము లేనివాడు దాంభికుడు కాజాలడు. తన మతమునందలి దయను వేదికపై బలికి, దానిలోని దండమును మాత్రము శాసనమున నుంచువాడు దాంభికుడు. 2023 ఆగస్టులో జరాన్‌వాలాలో చర్చీలును క్రైస్తవుల యిండ్లును దగ్ధమైనప్పుడును సానుభూతివచనములకు గొదువ లేకపోయినది. 295-సి మాత్రము చెక్కుచెదరలేదు.

ఈ కథ జదివి పొరుగువానిని నిందించి నిద్రించుట సులభము. కాని ఒకచోట నధికసంఖ్యాకుడైనవాడు మరియొకచోట నల్పసంఖ్యాకుడే. సొంతనేల వీడి పరభాషాప్రాంతములందు తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ సంగతి వేరుగా జెప్పనక్కఱలేదు. పలువురకు ప్రీతికరమైన మతమును గౌరవించుటకని శాసనమున నొక పదము చేర్చుదురు. కొందఱి స్వేచ్ఛను సూచించు పదమొకటి సద్దులేకుండ జారిపోవును. ఆ దినమున వీథిలో నల్లరి యుండదు, పత్రికలలో పెద్దయక్షరములుండవు. జఫ్రుల్లాఖానువంటి మేధావియు, మంచిదేకదా యని చేయెత్తును. పదము పోయిన దినముననే దానిని గుర్తించి అడుగువారు సభలోను, కోర్టులోను, పత్రికలోను ఎందఱుందురో, ఆ దేశమున నల్పసంఖ్యాకులకు అంతమాత్రమే రక్షణ.