శుక్లం ఆపరేషన్: లెన్స్ ఎంచుకునే ముందు

కోల్‌కతాకు బదిలీపై వచ్చిన మన తెలుగు సిబ్బంది ఇళ్ళకు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, పనిలో పనిగా వాళ్ళ కళ్ళు కూడా చూపిస్తుంటాం. ఏక్‌బాల్‌పూర్‌లో డైమండ్ హార్బర్ రోడ్డు మీద ఆసుపత్రులు దగ్గరే కాబట్టి పరీక్షల దాకా ఇబ్బంది ఉండదు. "ఏ లెన్స్ వేయమంటారు?" అని ప్యాకేజీల పట్టిక చేతికిచ్చినప్పుడే చిక్కు. భాష రాని పెద్దవాళ్ళు మన మొహం చూస్తారు, మనం ధర చూస్తాం. "అమ్మకు ఖరీదైనదే వేయండి" అనేస్తాం. అలా అనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

శుక్లమంటే కంటి మీద పెరిగే పొర కాదు, కంటి లోపలి సహజ కటకం మసకబారడం. చుక్కల మందుతో అది కరగదు. ముదిరేదాకా ఆగాలన్నది పాత మాట. రోజువారీ పనులకు చూపు అడ్డమవుతుంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు. సన్నని కోత పెట్టి, మసక కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు.

ఒకప్పుడు కటకం తీసేసి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి కంటిలో లెన్స్ అమర్చారు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలయ్యాక మన దేశంలో లెన్స్ ధర సామాన్యులకు అందింది. కాబట్టి ధర తక్కువైనంత మాత్రాన నాసిరకం అనుకోనక్కరలేదు.

మోనోఫోకల్ లెన్స్ ఒక దూరానికే స్పష్టత ఇస్తుంది. ఎక్కువమంది దూరపు చూపుకే పెట్టించుకుంటారు, చదవడానికి అద్దాలు వాడతారు. మల్టీఫోకల్‌తో అద్దాల అవసరం తగ్గుతుంది కానీ, కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రెటీనా జబ్బు ఉన్నవారికి ఇది సాధారణంగా నప్పదు. కార్నియా వంపు వల్ల సిలిండర్ పవర్ ఉన్నవారికి టోరిక్ లెన్స్. అందుకే ముందు అడగవలసింది పెద్దవాళ్ళనే: పేపరు చదువుతారా, కుట్టుపని చేస్తారా, రాత్రి బండి నడుపుతారా? ఆ జవాబులను డాక్టరుకు మనం చెప్పాలి. షుగరు, రక్తం పలుచబరిచే మందులు, ప్రోస్టేట్ మాత్రల సంగతి కూడా తప్పక చెప్పాలి.

మన మెడికల్ పాలసీలో ఒక కంటికి ఎంత పరిమితి ఉందో, ఖరీదైన లెన్స్‌కయ్యే తేడా ఇస్తారో లేదో టీపీఏ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేయాలి, మళ్ళీ చూపించాలి. మర్నాటి రైలుకు టికెట్ తీయకండి. అన్నాళ్ళు ఇక్కడ ఉండలేకపోతే స్వస్థలంలో చేయించడమే మేలు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు హైదరాబాద్‌తో పాటు విశాఖ, విజయవాడల్లోనూ ఆసుపత్రులున్నాయి. అక్కడ పెద్దవాళ్ళు తమ బాధ తామే చెప్పుకోగలరు.

కంట్లో గరగర, నీరు కారడం మొదటి రోజుల్లో మామూలే. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో చూపు మళ్ళీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందని బెంగపడకండి. తరచుగా లెన్స్ వెనకున్న సంచి మసకబారడమే దానికి కారణం. చిన్న లేజర్ చికిత్సతో అది సర్దుకుంటుంది.